కొండపిండికి వచ్చిన కీర్తి

తెలుగునాట ఏ పల్లెకు పోయి, "నాకు మూత్రంలో రాయి ఉందట" అని రచ్చబండ దగ్గర ఒక్క మాట అనిచూచినను, ఆ మాట పూర్తి కాకమునుపే నాలుగు దిక్కులనుండి నాలుగు మందులు వచ్చి పడును. ఒకరు కొండపిండి ఆకు నూరి త్రాగుమందురు. ఒకరు పల్లేరుకాయల కషాయమును మించినది లేదందురు. వేరొకరు రణపాల ఆకులు పరగడుపున రెండు నమలుమని, తమ మేనమామకు వారము తిరుగకుండ రాయి పడిపోయినదని సాక్ష్యసహితముగా చెప్పుదురు. ఇంతలో ఇంటిలోని పెద్దమ్మ ఉలవలు నానవేయుటకు గిన్నె వెదకుచుండును. ఎవరును రుసుము కోరరు. ఎవరి మాటలోను కపటము ఉండదు. మన సమాజమునకు గల ఈ ఉదారగుణమును ఎగతాళి చేయుటకు నాకు మనసొప్పదు. ఆ మందులకు వచ్చిన పేరు బొత్తిగా నిరాధారమని చెప్పుటయు న్యాయము కాదు. అయితే రాతి విషయమున ఒక ఆకు సంపాదించుకొన్న పేరును కొనిపోయి, మూత్రపిండములే క్షీణించు వేరొక వ్యాధికి దానిని పూచీగా నిలుపుచున్నాము. రెండును "కిడ్నీ సమస్య" అను ఒక్క మాటక్రింద కలిసిపోవుటచేత, అట్లు చేయుచున్నట్లే చాలమందికి తెలియదు. అసలు అపాయమంతయు అచటనే ఉన్నది.

ముందు ఆ పేరు ఎట్లు వచ్చినదో చూతము. కొండపిండిని పేరుతో ఎరుగనివారు ఉండవచ్చునుగాని కంటితో చూడనివారు ఉండరు. పొలముగట్లమీదను, పాడుగోడల మొదళ్ళలోను, బాటప్రక్కలను మోకాలెత్తుకు మించక పెరిగి, ఆకుల సందులలో పిండి అద్దినట్లు తెల్లని నూగుపూలు పూయు చిన్నమొక్క అది. పెసరపప్పులో వేసి కూరగా వండుకొనువారును కలరు. కషాయము పెట్టువారు వేరు, కాండము, ఆకు, పువ్వు అన్నియు కలిపి పిడికెడు తీసికొని, కడిగి దంచి, చెంబెడు నీటిలో వేసి, సగమో నాలుగవపాలో మిగులువరకు మరగించి, వడగట్టి, ఉదయము సాయంకాలము ఇత్తురు. ఇచ్చునపుడు పథ్యము చెప్పకుండ ఇయ్యరు: "నీళ్ళు బిందెడు తాగాలి, ఉప్పు తగ్గించాలి, మాంసం ముట్టకూడదు." రోగి డాక్టరు మాటను వినడేమోగాని ఈ మాటను భక్తితో పాటించును. పదిదినములో ఇరువది దినములో గడచిన పిమ్మట, ఒకనాడు చుర్రుమని మంటతో ఆవగింజంత రాయి బయటపడును. కీర్తి ఆకునకు దక్కును.

ఇచట రాతి స్వభావమును కొంత తెలిసికొనవలెను. మూత్రపిండమునుండి నాళములోనికి జారిన రాయి అయిదు మిల్లీమీటర్లకు లోబడినదైనచో, ఏ మందును లేకున్నను మూడింట రెండువంతుల మందికి అది తనంతట తానే పడిపోవును. అందుకు కొన్ని దినములు మొదలు నాలుగైదు వారములవరకు పట్టును. అయిదు మొదలు పది మిల్లీమీటర్లవరకు గలవి సుమారు సగముమందికి మాత్రమే దిగును. అంతకు మించినవి తమంతట వెడలివచ్చుట అరుదు. కావున చిన్నరాయి గల నూరుగురికి ఏ ఆకు పసరునో, వట్టి మజ్జిగతేటనో ఇచ్చినను అరువదిమందికి పైగా "పడిపోయింది" అనియే చెప్పుదురు. పడినవాడు ఊరంతయు చెప్పును. పడక, నొప్పి భరింపలేక, పట్టణము పోయి లేజరుతో తీయించుకొని వచ్చినవాడు ఆకు మాట మరల ఎత్తడు. ఈ విధముగా సాక్ష్యమంతయు ఒక ప్రక్కనే పోగుపడుచు పోవును.

ఆకుతోపాటు త్రాగించిన నీటిని గూర్చి ఎవరును కీర్తనలు పాడరు. ఇటలీ దేశపు వైద్యులు 1996లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు తెగలుగా విభజించి, ఒక తెగవారిచే దినమునకు రెండు లీటర్లకు తక్కువ కాకుండ మూత్రము వచ్చునంత నీరు త్రాగించి, అయిదు సంవత్సరములు కనిపెట్టి చూడగా, వారిలో నూటికి 12 మందికి మాత్రమే రాయి తిరిగి వచ్చినది. యథేచ్ఛగా ఉండనిచ్చిన రెండవ తెగలో నూటికి 27 మందికి వచ్చినది. మందు లేదు, మాత్ర లేదు, నీరే. ఉప్పు తగ్గించుటయు, మాంసము మితము చేయుటయు కూడ రాతిని నివారించునని తరువాతి పరిశోధనలు నిరూపించినవి. కొండపిండి వైద్యుడు చెప్పిన పథ్యము, ఆ ఆకును ప్రక్కన పెట్టినను, మేలైన చికిత్సయే అన్నమాట! కీర్తిని పంచవలసివచ్చినచో చెంబునకే పెద్దవాటా ఇయ్యవలసియుండును.

ఇక ఆకు రాతిని కరిగించునా అను ప్రశ్న. రాళ్ళలో నూటికి డెబ్బది యెనుబది క్యాల్షియం ఆక్సలేట్ అను లవణముతో గట్టిపడినవి. ఒకసారి ఏర్పడిన పిమ్మట వీనిని శరీరములో ఉండగా కరిగింపగల మందు అల్లోపతిలోను లేదు, ఆకులలోను లేదు. పల్లేరు, నేల ఉసిరి, ఉలవల కషాయములు పరీక్షనాళికలో స్ఫటికముల పెరుగుదలను కొంత అడ్డగించుట నిజమే. అడ్డగించుట వేరు, ఏర్పడియున్న రాతిని కరిగించుట వేరు. యూరిక్ ఆమ్లపు రాళ్ళు మాత్రము మూత్రములోని ఆమ్లత్వమును తగ్గించినచో నిజముగా కరుగును. అందుకు డాక్టర్లు పొటాషియం సిట్రేట్ అను లవణమును వాడుదురు. నిమ్మరసములో సిట్రేట్ ఉన్నది కావున, చక్కెర వేయని నిమ్మనీరు రాళ్ళు మరల పుట్టకుండ కొంత తోడ్పడుననుట సత్యదూరము కాదు. పాలు మానినచో రాళ్ళు రావనుట మాత్రము తలక్రిందులైన మాట. ఆహారములోని క్యాల్షియం ప్రేగులలోనే ఆక్సలేటును పట్టి బయటికి పంపును. పాలు, పెరుగు మానినవానికి ఆ ఆక్సలేటు రక్తములో చేరి మూత్రములోనికి దిగును. 2002లో ఇటలీ వైద్యులే, తగినంత క్యాల్షియం తిని ఉప్పును మాంసమును తగ్గించినవారికి రాళ్ళు సగమునకు సగము తగ్గుటను చూపిరి. బీరు త్రాగిన రాయి కొట్టుకొనిపోవునను సిద్ధాంతము ఏ ఓషధిశాస్త్రమునకు చెందునో నాకు తెలియదుగాని, దానిని ప్రచారము చేయువారి ముఖములలో శాస్త్రజిజ్ఞాసకంటె వేరైన ఉత్సాహమే ఎక్కువగా కనబడును.

రాతి విషయములో సైతము ఆకును నమ్మి కాలయాపన చేయుటలో ఒక అపాయము పొంచియున్నది. నాళములో అడ్డుపడిన రాయి మొదట ప్రాణములు తోడునంత నొప్పి పుట్టించి, కొంతకాలమునకు నొప్పి లేకుండనే అచట స్థిరపడిపోవచ్చును. నొప్పి తగ్గినది గనుక మందు పనిచేసినదని రోగి సంతోషించుచుండగా, పైన నిలిచిపోయిన మూత్రము మూత్రపిండమును ఉబ్బించి, నెలల తరబడి నిశ్శబ్దముగా దానిని నశింపజేయుచుండును. రాయి నిజముగా వెడలినదో లేదో స్కానింగు చెప్పవలెనుగాని నొప్పి చెప్పజాలదు. రాయి అడ్డుపడియున్నపుడు చలితో జ్వరము వచ్చెనా, ఆ రాత్రికి కషాయము మాట తలపక ఆస్పత్రికి పోవలసినదే. చీము పట్టిన మూత్రము రక్తములో కలియుటకు గంటలు చాలును.

మన ప్రాచీన వైద్యులకు ఈ వివేకము లేదనుకొనరాదు. సుశ్రుతసంహితలో అశ్మరి, అనగా మూత్రపు రాయి, నాలుగు విధములుగా విభజింపబడినది. అది యమునితో సమానమైన దారుణవ్యాధి అనియు, లేతదశలో ఔషధసాధ్యమనియు, పెరిగినచో శస్త్రమునకే అర్హమనియు అందు స్పష్టముగా కలదు. మూత్రాశయమునుండి రాతిని కోసి తీయు విధానమును వర్ణించుటకు ముందు, నేర్పరియైన శస్త్రవైద్యుని చేతిలోనైనను ఫలము సందిగ్ధమేయని ఆ ఆచార్యుడు హెచ్చరించుట గమనింపదగినది. ఓషధి ఎంతవరకు పోగలదో, ఎచట ఆగవలెనో గీత గీసి చెప్పినవాడు అతడు. ఆయుర్వేదము పేరు చెప్పి ఏ ఆకుతోనైనను ఏ రోగమైనను నయమగునని పలుకు నేటివారు ఆ గీతను చెరిపివేసి, ఆతని గౌరవమును మాత్రము తమ సీసాలమీద అంటించుకొనుచున్నారు.

ఇప్పుడు రెండవ వ్యాధికి వత్తము. మూత్రపిండము ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల నెఫ్రానులు, అనగా రక్తమును వడబోయు సూక్ష్మభాగములు, కలవు. రెండింటిలోనివి కలిసి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడబోసి, అందు ఒకటిన్నర లీటరు తప్ప మిగిలినదంతయు శరీరమునకు కావలసిన లవణములతో సహా తిరిగి లోనికి పీల్చుకొనును. మధుమేహమువలననో, రక్తపోటువలననో, మరి యే కారణమువలననో నెఫ్రాను నశించినచో దాని స్థానమున మచ్చకట్టిన కణజాలము మిగులును, క్రొత్తది పుట్టదు. జనుల మనస్సులో మాత్రము మూత్రపిండమనగా మడ్డి పట్టిన వడపోతగుడ్డ వంటిదనియు, ఏదైన పసరు పోసి జాడించినచో మరల తెల్లబడుననియు ఒక చిత్రము పాతుకొనిపోయినది. "రూపాయి కొత్తిమీరతో కిడ్నీలు శుభ్రం" అను సందేశము ఇ-మెయిలు నాటినుండి వాట్సాప్ నాటివరకు చేతులు మారుచునే ఉన్నది; కొత్తిమీర కట్ట ధర పెరిగినను ఆ సందేశములోని రూపాయి మాత్రము పెరుగకుండుట చూచి నవ్వుకొనవలసినదే. శుభ్రపరుపవలసిన మడ్డి అచట లేదు. రక్తమును శుద్ధిచేయు ఆ జంట అవయవమునకు నిమిషమునకు లీటరుకు పైగా రక్తము ప్రవహించుచునే ఉండును. దానిని కడుగుటకు వేరొకరు అక్కరలేదు.

మూత్రము ఎక్కువగా వచ్చుట మూత్రపిండము బాగుపడుటకు గుర్తని తలచుట ఇంకొక భ్రమ. అటికమామిడి, పల్లేరు మొదలైన వానికి మూత్రమును జారీచేయు గుణము కొంత ఉన్నదని మన వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అందువలన కాలివాపు కొంత తీయవచ్చును. వాపు తీసినంత మాత్రమున నెఫ్రాను బ్రదుకదు. క్రియాటినిన్ అంకెయు ఇట్లే మోసగించును. అది కండరములలో పుట్టు పదార్థము. మూత్రపిండములు దానిని బయటికి పంపలేనపుడు రక్తములో పెరుగును. ఇందు రెండు మెలికలు కలవు. మూత్రపిండముల శక్తి దాదాపు సగము పోవువరకు ఆ అంకె మామూలు హద్దులు దాటకపోవచ్చును. కాగా దీర్ఘరోగముచేత కండలు కరగిపోయినవానికి, రోగము ముదురుచున్నను, ఆ అంకె తగ్గవచ్చును. కఠినపథ్యము పేరిట పప్పు, పాలు, గ్రుడ్డు అన్నియు మాని, మూడు నెలలు గంజి త్రాగి చిక్కిపోయిన వృద్ధునికి క్రియాటినిన్ కొంచెము దిగినచో, ఇంటిల్లిపాదియు పొడి ఇచ్చిన మనుజునకు మ్రొక్కుదురు.

కొబ్బరినీళ్ళ సంగతి ఇంకను విషాదకరము. ఆరోగ్యవంతునికి అవి అమృతప్రాయములు. రాళ్ళు గలవానికి హితములు. కాని ఒక బొండములోని నీటిలో సుమారు ఆరువందల మిల్లీగ్రాముల పొటాషియం ఉండును. మూత్రపిండములు పనిచేయనివాడు ఆ పొటాషియంను బయటికి పంపలేడు. అది రక్తములో పేరుకొని గుండె కొట్టుకొనుటను ఆపివేయగలదు. రాతిరోగికి మంచిదని చెప్పినదానినే డయాలిసిస్ రోగికి ప్రేమతో తెచ్చి, వద్దన్నను బలవంతముగా త్రాగించు బంధువులు ప్రతి ఆస్పత్రి వరండాలోను కనబడుదురు. స్టార్ ఫ్రూట్ అని నేడు అంగళ్ళలో అమ్ముచున్న నక్షత్రాకారపు పండు అంతకంటె ఘోరము. మూత్రపిండములు చెడినవారు దానిని తిన్నచో విడువని ఎక్కిళ్ళతో ప్రారంభమై, మతి తప్పి, మరణము సంభవించిన ఉదంతములు వైద్యగ్రంథములకు ఎక్కినవి.

చెట్టునుండి వచ్చినది గనుక చెరుపు చేయదను మాటకు బెల్జియం దేశమున పెద్ద సమాధానము లభించినది. బ్రస్సెల్స్ నగరమున లావు తగ్గుటకై ఒక వైద్యశాలలో ఇచ్చు గుళికలలో 1990లో రెండు చైనా మూలికలను క్రొత్తగా చేర్చిరి. రెండేండ్లు గడవకమునుపే నడివయసు స్త్రీలు ఒకరివెనుక ఒకరు మూత్రపిండములు చెడి రాసాగిరి; 1993లో ఈ వృత్తాంతము లోకమునకు వెల్లడియైనది. చైనా పేర్లలోని పోలికచేత ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మూలిక చేరినదని పిమ్మట తేలినది. నూరుమందికి పైగా దెబ్బతినిరి. అంతటితో ముగియలేదు: ముందుజాగ్రత్తగా మూత్రపిండములను నాళములను తీయించుకొన్న 39 మందిని పరీక్షింపగా 18 మందిలో క్యాన్సరు కనబడినదని 2000లో ప్రకటించిరి. డాన్యూబ్ నది ఉపనదుల వెంబడి బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా పల్లెలలో తరతరములుగా రైతులను బలిగొన్న మూత్రపిండవ్యాధికిని ఇదే జాతి మొక్క కారణమని, గోధుమచేలలో కలుపుగా మొలచి దాని గింజలు పిండిలో కలియుచుండెనని ఆ తరువాత నిర్ణయమైనది. ఇది మనకు దూరపు కథ కాదు. పాముకాటుకు విరుగుడని ప్రసిద్ధికెక్కిన మన ఈశ్వరి తీగయు, గాడిదగడపరయు ఆ జాతివే. గట్టుమీద ఉన్నంతవరకు వానివలన భయము లేదు. పేరు తెలియని పొడిలో దంచి కలిపినపుడు వానిని ఎవరు గుర్తింపగలరు?

కేరళలో బిలింబి అను పుల్లని కాయ పెరటిచెట్టుకు గుత్తులుగా కాయును. పచ్చడికి, చేపలపులుసుకు వాడినంతకాలము దానివలన ఎవరికిని కీడు కలుగలేదు. కొలెస్టరాల్ తగ్గునని విని దాని రసము తీసి గ్లాసులకొద్ది త్రాగిన పదిమందికి మూత్రపిండములు ఉన్నపళముగా పనిచేయుట మానినవని అచటి వైద్యులు 2013లో ప్రకటించిరి. కాయలోని ఆక్సలేటు మూత్రపిండములలో స్ఫటికములై నిండుటయే కారణము. ఆహారముగా హితమైనది రసముగా విషమగుట ఇట్లు. పాలకూర పప్పు తినువాడు వేరు, పాలకూర రసమును ప్రతిదినము పరగడుపున చెంబెడు త్రాగువాడు వేరు.

మూలికలకు తోడు లోహములును కలవు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులలో పదునాలుగింటియందు సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్లు 2004లో తేలినది. చెన్నైలోని నిపుణులు 2022లో, మూత్రములో మాంసకృత్తులు పోయి కాళ్ళు ముఖము వాచు ఒక ప్రత్యేక వ్యాధి గల రోగులను పరిశీలించి, వారిలో సుమారు మూడవవంతు నాటుమందులు వాడినవారని గుర్తించిరి. ఆ మందు మాన్పించిన పిమ్మట చాలమందికి వ్యాధి శమించినది. నురుగుతో కూడిన మూత్రము, వాపు చూచి "కిడ్నీ మందు" అని అదే పొడిని రెట్టించి వాడువాని గతి ఊహింపుడు.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును తలపకుండ ఈ విషయమును తెలుగులో వ్రాయుట సాధ్యము కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో, కొబ్బరితోటల జీడితోటల నడుమ, మధుమేహము రక్తపోటు లేని కష్టజీవులకు సైతము మూత్రపిండములు క్షీణించుచున్నవి. ఇన్నేండ్ల పరిశోధన జరిగినను దీనికి ఇదియే కారణమని శాస్త్రము ఒక్కదానిని నిర్ధారింపలేదు. ఆ వ్యాధి నొప్పి పుట్టింపదు. చాలకాలము వాపును చూపదు. తోటపనికి పోవు మనుజుడు పోవుచునే ఉండగా లోపల పని ముగియుచుండును. పలాసలో 2023లో మూత్రపిండముల ఆస్పత్రి, పరిశోధన కేంద్రము వెలసినవి. డాక్టరే "దీనికి నయం లేదు, నెమ్మదింపచేయగలం అంతే" అని చెప్పినపుడు, "నలభై రోజుల్లో నయం చేస్తాను" అనువాడు దేవునివలె కనబడుటలో వింత లేదు. ఆ కుటుంబములను అజ్ఞానులని తూలనాడుటకు నాకు నోరు రాదు. నిజము చెప్పువానికంటె ఆశ చెప్పువానికి ఎక్కువ గిరాకి ఉండుట ఉద్దానమునకు మాత్రమే పరిమితమైనది కాదు.

"కిడ్నీ సమస్య" అను ఆ మాటక్రిందనే చేరు మూత్రములో మంటను గూర్చి ఒకటి రెండు మాటలు చాలును. బార్లీనీళ్ళు, సబ్జాగింజలు, మజ్జిగ వేసవి మంటను చల్లార్చును. సూక్ష్మజీవులవలన వచ్చిన మంటను నిర్మూలింపవు. క్రాన్‌బెర్రీ రసము మాటిమాటికి మంట వచ్చు స్త్రీలకు తిరిగి రాకుండ కొంత కాపాడునని పరిశోధనలు చెప్పుచున్నవిగాని, వచ్చినదానిని అది నయము చేయదు. మంటకు తోడు చలిజ్వరము, నడుము ప్రక్కన పోటు వచ్చినచో అది మూత్రపిండమునకు ఎక్కినదని అర్థము. గర్భిణులు అంతవరకు ఆగుటయు తగదు.

మూత్రపిండముల రాళ్ళను నయము చేయుదుమని ప్రకటించుట మనదేశమున నేరమని ఎందరికి తెలియును? 1954లో చేసిన మందుల, మహిమగల చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టపు పట్టికలో మూత్రపిండపు రాళ్ళును, బ్రైట్ వ్యాధి అను పాతపేరుతో మూత్రపిండపు వాపును చేరియున్నవి. ఆ చట్టమునకు డెబ్బదియేండ్లు నిండినవి. గోడలమీది వ్రాతలును, టీవీలోని తెల్లకోటు ప్రసంగములును దాని ఉనికిని ఎరిగినట్లు కనబడవు.

ఆస్పత్రిలో డాక్టరు, "ఏమేం మందులు వాడుతున్నారు తాతా?" అని అడిగినపుడు, ముసలాయన చేతిసంచిలోనుండి బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు బల్లమీద పరచి, "ఇంతేనయ్యా" అనును. ప్రక్కనున్న కోడలు కొంతసేపు తటపటాయించి, "ఆకుపసరు కూడా తాగుతున్నారండీ" అనగానే ఆయన ఆమె వైపు చురుక్కున చూచును. ఆయన అబద్ధమాడలేదు, పసరు మందులలో లెక్కకు వచ్చునని ఆయన యెన్నడును అనుకొనలేదు. ఆ మాటయే డాక్టరుకు మిగిలిన కాగితములన్నిటికంటె ముఖ్యము కావచ్చును. ఆకు పేరేమి, ఎవరిచ్చిరి, ఎన్నాళ్ళనుండి, ఎంత మోతాదు, దానిలో నొప్పిమాత్రల పొడి కలిసినదా, అతిమధురము ఉన్నదా అని అతడు అడుగును. అతిమధురము రక్తపోటును పెంచి పొటాషియంను పడవేయును గనుక ఆ ప్రశ్న వ్యర్థము కాదు. కోపగించుకొను డాక్టరైనచో చెప్పువారు మరల చెప్పరు గనుక, అడుగువాడు నెమ్మదిగా అడుగవలెను. పొట్లము మిగిలియున్నచో పారవేయక, అందలి పొడితో సహా వెంట తీసికొనిపోవలెను.